గండి పడ్డ సెటిల్లింగ్ పాండ్ కట్టను మళ్లీ కట్టే ముందు మట్టికి ఏ టెస్టులు చేయించాలి?

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. గోదావరి లోయలో ఓపెన్‌కాస్ట్ బొగ్గు గని, పిట్‌లోంచి తోడిన బురద నీళ్లు తేరుకోవడానికి ఒక సెటిల్లింగ్ పాండ్, దాని కట్ట 6 మీటర్ల ఎత్తు. మొన్నటి వానలకి పైపు ఉన్న చోట 40 మీటర్ల మేర కొట్టుకుపోయింది. కాంట్రాక్టరు పక్కనున్న ఓబీ డంప్ (బొగ్గు మీద నుంచి తీసి పోసిన మట్టి, రాళ్ల గుట్ట) మట్టి పోసి రోలర్ తిప్పేస్తానంటున్నాడు, ల్యాబ్ వాళ్లు పన్నెండు టెస్టుల కొటేషన్ పంపారు, అందులో ఏవి ఉంచాలి, ఏవి మానేయొచ్చు అని అడిగారు. ఏవి మానేయాలో తర్వాత చెప్తాను. ఆ పన్నెండింట్లో అసలు లేని టెస్టు ఒకటుంది, మీకు అన్నిటికన్నా ముందు కావలసింది అదే. దానికి ల్యాబ్ కూడా అక్కర్లేదు.

కానీ దానికన్నా ముందు గండి దగ్గరికి వెళ్లండి. కట్ట తెగినప్పుడు మన అదృష్టం ఏమిటంటే రెండు వైపులా నిలువుగా కోసినట్టు లోపలి మట్టి కనిపిస్తుంది. ఎన్ని బోర్లు వేసినా అంత చక్కగా కనపడదు, పైగా జేసీబీ ఒక్కసారి గోకిందంటే అంతా పోతుంది. ఒక పెచ్చు గీరడానికి కత్తి, ఒక అర అంగుళం ఇనుప రాడ్డు, ఒక స్ప్రే బాటిల్ నిండా నీళ్లు పట్టుకెళ్లండి. మొహం గీరి నీళ్లు చిమ్మితే పొరలు విడివిడిగా తేలతాయి. ఒక్కో పొర ఎంత మందం ఉంది? 20 సెంటీమీటర్లని కొలతల పుస్తకంలో రాసి అక్కడ 60 కనిపిస్తోందా? పొరకీ పొరకీ మధ్య నున్నగా, అద్దంలా మెరిసే గీత ఉందా (ఉంటే గోకకుండా, తడపకుండా మీద పోసేశారని అర్థం)? రాడ్డు గుచ్చితే ఒకచోట కష్టంగా, జానెడు పక్కన వెన్నలోకి దిగినట్టు దిగుతోందా? పైపు అడుగున చెయ్యి పట్టేంత సందు ఉందా? సర్కారు తుమ్మ వేళ్లు, ఎండ్రకాయల బొరియలు ఉన్నాయా? ఎండిన మొహం మీద తెల్లగా ఉప్పు పూసిందా? ఇవన్నీ స్కేలు పెట్టి ఫోటోలు తీయండి. నిలబడి ఉన్న ఆ మొహాల పక్కనే మెట్లు కోసి కోర్ కట్టర్‌తో (మట్టిలోకి దింపే ఇనుప గొట్టం) నాలుగైదు చోట్ల డెన్సిటీ తీయండి. అదే మట్టికి ల్యాబ్‌లో ప్రాక్టర్ టెస్టు (ఏ తేమలో మట్టి అన్నిటికన్నా ఎక్కువ గట్టిపడుతుందో చూసేది) చేయిస్తే పాత కట్ట ఎంత శాతానికి గట్టిపడి ఉందో మీ చేతికొస్తుంది. అది 85 దగ్గర వస్తే కట్ట సరిగ్గా గట్టిపడలేదని అర్థం, సగం జవాబు దొరికినట్టే.

నీళ్లు కట్ట మీద నుంచి పొర్లలేదు, పైకి ఇంకా మీటరు ఉండగానే తెగిందని మీ వాచ్‌మన్ చెప్పాడని రాశారు. ఇది చాలా విలువైన సాక్ష్యం, ఆయన చేత తేదీ, టైం వేసి రాయించుకోండి. పొర్లి తెగితే మట్టి టెస్టుల వల్ల ఒరిగేది తక్కువ. 2021 నవంబర్ 19న చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట కొట్టుకుపోయిందే, అలాంటి చోట లెక్క చూడాల్సింది వరద ఎంత వస్తుంది, అలుగు ఎంత వదలగలదు అని. మీది వేరు. పొర్లకుండా, అదీ పైపు పక్కన తెగిందంటే లోపల బుంగ పడి తెగిందన్నమాట, మట్టి నీళ్లలో ఎలా ప్రవర్తిస్తుందన్నదే మీ అసలు ప్రశ్న.

ఇక్కడ నా అనుభవం ఒకటి చెప్పాలి. చాలా ఏళ్ల కిందట కడప వైపు ఒక సున్నపురాయి గనిలో ఇలాంటిదే, 5 మీటర్ల కట్ట, నా చేతుల మీదే కట్టించాను. దగ్గర్లో ఒక పడావు భూమి ఉంటే అక్కడి మట్టి తెచ్చాం. ఊళ్లో పెద్దవాళ్లు కూడా మంచి మట్టి అన్నారు, ఎందుకంటే అది చౌడు. రాయలసీమ మట్టి మిద్దెల మీద పరిచేది చౌడే కదా, వాన నీళ్లు దిగవు. ల్యాబ్‌లో పర్మియబిలిటీ (మట్టిలోంచి నీళ్లు దిగే వేగం) కూడా సెకనుకు 10⁻⁷ సెంటీమీటర్ల లెవెల్లో, క్లే కోర్‌కి (కట్ట నడుమ నీళ్లను ఆపే బంకమట్టి భాగం) కావలసినట్టే వచ్చింది. ఫీల్డ్ డెన్సిటీ ప్రతి పొరకీ 97, 98 శాతం. నేను నిశ్చింతగా ఉన్నాను. రెండేళ్లు గని నీళ్లతో బాగానే నిలబడింది. మూడో ఏడు గట్టి వానలకి పాండ్ నిండుగా కొత్త నీళ్లు చేరాయి. ఒకరోజు పొద్దున పైపు పక్కన బొటనవేలంత ధార, అదీ ఎర్రటి టీ నీళ్లలా. మధ్యాహ్నానికి తలుపంత బుంగ. సాయంత్రానికి కట్ట లేదు. కింద ఇద్దరు రైతుల వేరుశనగ చేలు బురదలో కూరుకుపోయాయి. మనుషులెవరూ లేరు కాబట్టి సరిపోయింది, ఆ పొద్దున ఆ చేలో కూలీలు ఉండి ఉంటే ఏమయ్యేదో నేను ఇప్పటికీ తలుచుకుంటాను.

తర్వాత తెలుసుకున్నది ఇది. చౌడులో సోడియం ఎక్కువ. సోడియం పట్టుకున్న బంకరేణువులు మంచి నీళ్లు తగలగానే ఒకదాన్నొకటి వదిలేసి నీళ్లలో తేలిపోతాయి. దీన్నే డిస్పర్సివ్ క్లే అంటారు. మిద్దె మీద అదే గుణం మేలు చేస్తుంది, విడిపోయిన రేణువులు సన్న సందుల్లో ఇరుక్కుని మూసేస్తాయి. కట్టలో వెంట్రుకంత పగులుండి, దాని వెనక నీటి ఒత్తిడి ఉంటే ఇరుక్కునే అవకాశమే లేదు, రేణువు రేణువూ నీళ్లతో వెళ్లిపోతుంది, పగులు పెద్దదవుతూ పోతుంది. పర్మియబిలిటీ టెస్టు పగులు లేని మట్టిబిళ్ల మీద చేస్తారు కాబట్టి అది ఈ జబ్బును పట్టుకోలేదు. ఇక మొదటి రెండేళ్లు ఎందుకు ఆగిందంటే, సున్నపురాయి గని నీళ్లలో కాల్షియం దండిగా ఉంటుంది, అది రేణువుల్ని పట్టి ఉంచింది. వాన నీళ్లతో ఆ ఉప్పు పలచబడగానే పట్టు వదిలింది.

అందుకే మొదటి టెస్టు, క్రంబ్ టెస్ట్. గండి మొహం నుంచి, కట్ట అడుగు నుంచి, మట్టి తేదలచుకున్న ప్రతి గుంట నుంచి గోళీకాయంత పెళ్లలు తీయండి, ఎండబెట్టకుండా, ఉన్న తేమతోనే. గాజు గ్లాసులో డిస్టిల్డ్ వాటర్ పోసి, పెళ్లను మెల్లగా అడుగున వదలండి, కదపొద్దు. పెళ్ల విచ్చుకుని కుప్పగా కూలితే కంగారు పడొద్దు, అది చాలా మట్టులు చేసే పనే. చూడాల్సింది పెళ్ల చుట్టూ ఉన్న నీళ్లను. నీళ్లు తేటగా ఉంటే సరే. పెళ్ల అంచు నుంచి సన్నటి పొగ లేచి, గ్లాసు అడుగంతా బియ్యం కడిగిన నీళ్లలా పరుచుకుంటే అది డిస్పర్సివ్. వేసిన రెండు నిమిషాల తర్వాత, గంట తర్వాత, ఆరు గంటల తర్వాత చూసి ఫోటో తీయండి. దయచేసి కుళాయి నీళ్లు, బోరు నీళ్లు వాడొద్దు, ఆ నీళ్లలో ఉప్పులుంటే నా మట్టికి రెండేళ్లు జరిగినట్టు అది మంచిదానిలా కనిపిస్తుంది. డిస్టిల్డ్ వాటర్ బ్యాటరీ షాపులో దొరుకుతుంది. ఇంకో సంగతి, మబ్బు పడితే ఆ మట్టి చెడ్డదని గట్టిగా అనొచ్చు, పడకపోతే మంచిదని మాత్రం అనలేం, కొన్ని డిస్పర్సివ్ మట్టులు ఈ టెస్టులో బయటపడవు.

అనుమానం మిగిలితే పిన్‌హోల్ టెస్టు చేయించండి. 1970లలో అమెరికాలో షెరార్డ్ అనే ఇంజినీరు బృందం తయారుచేసింది. గట్టిపరిచిన మట్టిబిళ్లకి 1 మిల్లీమీటరు రంధ్రం పెట్టి, 50 మిల్లీమీటర్ల ఎత్తు నుంచి మొదలుపెట్టి డిస్టిల్డ్ వాటర్ పారిస్తారు. నీళ్లు రంగుగా వచ్చి రంధ్రం పెద్దదైతే ఆ మట్టి డిస్పర్సివ్. కట్ట లోపల జరిగేదాన్ని బల్ల మీద చూపించే టెస్టు ఇది. దీనికి తోడు డబుల్ హైడ్రోమీటర్ (నీళ్లలో కలిపిన రేణువులు ఎంతసేపట్లో అడుక్కి దిగుతాయో చూసి సైజు లెక్కగట్టే టెస్టును రెండుసార్లు చేయడం). అదే మట్టిని విడగొట్టే మందు వేసి ఒకసారి, వేయకుండా ఒకసారి చేస్తారు, మందు లేకుండానే 5 మైక్రాన్ల లోపు రేణువుల్లో సగానికి మించి విడిపోతే డిస్పర్సివ్, 30 శాతం లోపయితే కాదు. మామూలు రోడ్డు పనుల ల్యాబ్‌లకి ఇవి అలవాటుండదు, సాయిల్ మెకానిక్స్ పీజీ ఉన్న ఇంజినీరింగ్ కాలేజీని అడగండి. చౌడు రాయలసీమలోనే ఉంటుందనుకోవద్దు, పైకి తెల్లగా పూయాలని కూడా లేదు, గనిలో లోతు నుంచి వచ్చే బూడిదరంగు క్లేలు కూడా ఇలా చేయొచ్చు.

ఇప్పుడు కాంట్రాక్టరు చెప్పే ఓబీ డంప్ సంగతి. దాన్ని ఒక మట్టిగా చూడటమే తప్పు. ఇసుకరాయి ముక్కలు, షేల్ (గట్టిపడ్డ బంకమట్టి రాయి), క్లే, మధ్యలో బొగ్గు చారలు, అన్నీ కలిపి డంపర్ మీద నుంచి పోసినప్పుడు పెద్ద రాళ్లు దొర్లి అడుక్కి పోతాయి, సన్నది పైన ఉండిపోతుంది, పైన తీసిన శాంపిల్‌కీ కింద తవ్వే మట్టికీ సంబంధమే ఉండదు. షేల్ ఇవాళ రాయిలా ఉంటుంది, రెండు వానలు తడిసి ఎండితే చేతిలో పొడవుతుంది. నాలుగు ముక్కలు బకెట్లో నానబెట్టి ఎండబెట్టి మళ్లీ నానబెట్టి మూడు రోజులు చూస్తే మీకే తెలుస్తుంది. రిపోర్టు కాగితం కావాలంటే స్లేక్ డ్యూరబిలిటీ టెస్టు, భారత ప్రమాణం ఐఎస్ 10050. బొగ్గు, నల్లషేల్ కలిసిన మట్టి కట్టలోకి రానే రాకూడదు, అది గాలి తగిలి వేడెక్కే సరుకు. పైగా బొగ్గు తేలిక కాబట్టి ఒక్కో టిప్పర్‌కి గరిష్ఠ డెన్సిటీ మారిపోతుంది, ల్యాబ్‌లో వచ్చిన ఒకే అంకెతో పోల్చితే ఫీల్డ్ శాతాలకి అర్థం ఉండదు. 1972 ఫిబ్రవరి 26న అమెరికాలో వెస్ట్ వర్జీనియా బఫెలో క్రీక్‌లో తెగిన కట్ట ఇలాంటిదే, బొగ్గు గని వ్యర్థాన్ని సరిగ్గా గట్టిపరచకుండా, పాత పాండ్ బురద మీదే పోసి కట్టారు. 125 మంది చనిపోయారు. మీ డంప్‌లో బాగున్న ఇసుకరాయి భాగాన్ని వేరుచేసి నీటికి అవతలి వైపు, బయటి వాలుకి వాడుకోండి, అది మంచి బరువిస్తుంది, నీళ్లు దిగనిస్తుంది. నీళ్లను ఆపే భాగానికి మాత్రం వేరే మట్టి వెతకాల్సిందే.

వెతికేటప్పుడు గుంటలు 30 మీటర్లకొకటి వేసి, మీరు నిజంగా తవ్వబోయే లోతు దాకా తవ్వి చూడండి. పై జానెడు ఎర్రమట్టి చూసి శాంపిల్ కట్టేవాళ్లు చాలామంది, రెండడుగుల కింద గరుసు తగులుతుంది. రంగు మారిన ప్రతి చోటా వేరే సంచి. వీటికి మామూలు టెస్టులు అన్నీ ఉంచండి, ఐఎస్ 2720 ప్రకారం రేణువుల సైజు హైడ్రోమీటర్‌తో సహా, లిక్విడ్, ప్లాస్టిక్ లిమిట్లు (మట్టి ఏ తేమ దగ్గర జారుగా, ఏ తేమ దగ్గర ముద్దగా మారుతుందో), ప్రాక్టర్, పర్మియబిలిటీ. అక్కడ నల్లరేగడి దొరికే అవకాశం ఎక్కువ కాబట్టి ఫ్రీ స్వెల్ (నీళ్లలో మట్టి ఎంత ఉబ్బుతుందో చూసేది) కూడా. 10 గ్రాముల మట్టి ఒక గొట్టంలో నీళ్లలో, ఇంకో 10 గ్రాములు కిరసనాయిల్లో, ఒకరోజు ఉంచి తేడా చూడటమే, ఖర్చు దాదాపు లేదు. 50 శాతం లోపు వస్తే భయం లేదు, 100 దాటితే ఆ రేగడిని కట్ట నడుమ కోర్‌లో, పైన ఎర్రమట్టి కప్పి, తడి ఆరకుండా ఉండే చోటే వాడాలి. ఎండ తగిలే పై భాగంలో వేస్తే వేసవిలో చెయ్యి దూరే పగుళ్లు వస్తాయి. మీ కొటేషన్‌లో సీబీఆర్ ఉంది, అది రోడ్డు టెస్టు, కొట్టేయండి. కట్ట మీద డంపర్లు తిరగవని రాశారు కదా.

ప్రాక్టర్ రిపోర్టులో అందరూ డెన్సిటీ అంకె చూస్తారు, నేను తేమ అంకె చూస్తాను. ఒకే డెన్సిటీని ఆప్టిమం తేమకి (గరిష్ఠ డెన్సిటీ వచ్చే తేమ) తక్కువలోనూ తేవచ్చు, ఎక్కువలోనూ తేవచ్చు, కానీ ఆ రెండూ ఒకే మట్టి కావు. పొడిగా కొట్టింది లోపల పెళ్లలు పెళ్లలుగానే ఉండి, మొదటిసారి నీళ్లు నిండగానే కుంగుతుంది, పగులుతుంది, నీళ్లు పదింతలు ఎక్కువ వదలడం మామూలే. కాబట్టి నీళ్లను ఆపే భాగానికి ఆప్టిమం నుంచి దాని పైన 2 శాతం దాకా అని రాయించండి, ల్యాబ్‌కి కూడా ఆ తేమలోనే పర్మియబిలిటీ, పిన్‌హోల్ చేయమని చెప్పండి. మీ ప్రాంతంలో పని జరిగేది ఎండాకాలంలో, 45 డిగ్రీల ఎండకి టిప్పర్ దిగి రోలర్ వచ్చే లోపే పైన పొడిబారుతుంది. ట్యాంకర్‌తో పైపైన చిమ్మితే పైన బురద, లోపల దుమ్ము. గుంట దగ్గరే ముందురోజు సాయంత్రం తడిపి, రాత్రంతా నాననిచ్చి, పొద్దున్నే ఎత్తించండి. ప్రాక్టర్ 20 మిల్లీమీటర్ల జల్లెడ దాటిన మట్టికే చేస్తారని కూడా గుర్తుంచుకోండి, పెద్ద రాళ్లున్న మట్టిలో ఫీల్డ్ శాతం ఉత్తినే ఎక్కువ చూపిస్తుంది.

కట్ట కింది నేల గురించి మీరు ఒక్క మాట కూడా రాయలేదు, నాకు ఎక్కువ టెన్షన్ అక్కడే. గండిలోంచి పారిన నీళ్లు అడుగు కోసేసి బురద నింపి ఉంటాయి, ఆ బురద పూర్తిగా తీయాలి. కట్ట గీత మీద కనీసం మూడు, బయటి పాదం దగ్గర రెండు బోర్లు, కట్ట ఎత్తుకి ఒకటిన్నర రెట్ల లోతు, మెత్తని పొర తగిలితే అది దాటేదాకా. మెత్తని క్లేలో ఎస్‌పీటీ అంకె (బోరులో గొట్టం ఎన్ని సుత్తి దెబ్బలకి దిగిందన్న లెక్క) నమ్మొద్దు, వేన్ షియర్ (రెక్కల కడ్డీ గుచ్చి తిప్పి బలం చూసేది) పెట్టించి, ట్యూబ్ శాంపిల్ తీయించండి. 2014 ఆగస్టు 4న కెనడాలో మౌంట్ పాలీ రాగి, బంగారు గని కట్ట తెగిందానికి కారణం కట్ట మట్టి కాదు, కింద నేలలో ఉన్న పాత హిమానీ సరస్సు క్లే పొర. అంతకుముందు బోర్లు వేశారు, కానీ ఆ పొర ఎలాంటిదో, కట్ట బరువు పడితే ఏమవుతుందో పట్టుకోలేకపోయారు. మీ దగ్గర ఇంకోటి కూడా ఉంది, పాత అండర్‌గ్రౌండ్ పనుల మీద తెరిచిన ఓపెన్‌కాస్ట్‌లు ఆ లోయలో చాలానే ఉన్నాయి. సర్వే ఆఫీసుకెళ్లి పాండ్ కింద పాత గ్యాలరీలు (సొరంగాలు) ఉన్నాయేమో ప్లాన్ మీద చూడండి. ఉంటే మట్టి టెస్టుల కన్నా ముందు మేనేజర్‌తో కూర్చుని పాండ్ అక్కడ ఉండొచ్చా అన్నది తేల్చుకోవాలి.

బలం టెస్టుల్లో డైరెక్ట్ షియర్ చవగ్గా అయిపోతుంది గానీ, ఏ డెన్సిటీలో, ఏ తేమలో చేశారో రాయని రిపోర్టు వెనక్కి పంపండి. 6 మీటర్ల కట్టకి రెండు మూడు శాంపిళ్లకి పోర్ ప్రెషర్ (మట్టి సందుల్లోని నీటి ఒత్తిడి) కొలిచే ట్రయాక్సియల్ టెస్టు చేయించడం సబబు. ఎందుకంటే మీరు పూడిక తీయడానికి పంపులు పెట్టి పాండ్‌ను త్వరగా ఖాళీ చేస్తుంటారు, అప్పుడు లోపలి వాలు నానిపోయి ఉండి జారుతుంది. ఐఎస్ 7894 ప్రకారం నిండుగా ఉన్నప్పటి బయటి వాలుకి 1.5, హఠాత్తుగా ఖాళీ చేసినప్పుడు లోపలి వాలుకి 1.3 భద్రతా గుణకం (నిలబెట్టే బలం జార్చే బలానికి ఎన్ని రెట్లో) రావాలి. డిజైనర్‌ని ఈ రెండూ అడగండి.

ఎంత మంచి మట్టి దొరికినా పైపు చుట్టూ, కోర్‌కి బయటి వైపు ఇసుక ఫిల్టర్ పెట్టకుండా కట్టొద్దు. బుంగను ఆపే చివరి అడ్డు అదే, డిస్పర్సివ్ మట్టిని కూడా సరైన ఇసుక ఆపుతుంది. కాంక్రీటు ఇసుక లాంటిది, డీ15 సైజు (బరువులో 15 శాతం రేణువులు దీనికన్నా సన్నగా ఉండే సైజు) 0.5 మిల్లీమీటరు మించకుండా, దుమ్ము 5 శాతం లోపు. ఓబీ నుంచి తయారుచేసిన ఇసుక వాడితే దుమ్ము సంగతి మరీ చూడండి. దీనికి చేతి పరీక్ష ఉంది. తడి ఇసుకను చిన్న డబ్బాలో కూరి పళ్లెంలో బోర్లించండి, పిల్లలు కట్టే ఇసుక గూడులా నిలబడుతుంది. పళ్లెంలో మెల్లగా నీళ్లు పోయండి. వెంటనే కూలిపోతే ఆ ఇసుక మంచిది, పగులొచ్చినా తనే జారి పూడ్చుకుంటుంది. నీళ్లలో కూడా నిలబడే ఉంటే అందులో బంక ఉంది, అది పగుళ్లతో పాటు తనూ పగులుతుంది.

కట్టేటప్పుడు గండి మొహాలు నిలువుగా ఉంచి మధ్యలో మట్టి నింపొద్దు. ఒకటికి మూడు వాలుకి కోసి, మెట్లు పెట్టి కలపండి, లేకపోతే కొత్తది కుంగి అతుకు దగ్గర పగులు ఖాయం. ఏ రోలర్ ఎన్నిసార్లు తిరగాలన్నది పుస్తకం చూసి రాయకుండా, పక్కన 20 మీటర్ల ట్రయల్ కట్ట పోసి నాలుగు, ఆరు, ఎనిమిది పాస్‌లకి డెన్సిటీ తీసి తేల్చండి. షీప్‌ఫుట్ రోలర్ (డ్రమ్ము మీద పొడుచుకొచ్చిన దిమ్మలుండేది) అయితే మేలు, నున్నటి రోలర్ అయితే ప్రతి పొరనీ గీకి తడిపాకే పైది వేయాలి. నేనైతే ప్రతి పొరలో, 500 ఘనపు మీటర్లకి తక్కువ కాకుండా ఒకటి చొప్పున ఫీల్డ్ డెన్సిటీ పెడతాను. పైపు పక్కన, అతుకుల దగ్గర అదనంగా తీస్తాను, రోలర్ చేరలేని ఆ మూలల్లోనే చిన్న ర్యామర్‌తో పైపైన కొట్టి వదిలేస్తారు. ఎక్కడ తీయాలో చోటు మీరు చూపించండి, కాంట్రాక్టరు మనిషి చూపించిన చోట కాదు.

సోమవారం నుంచి మెషీన్లు దింపుతారని రాశారు. ఆ లోపు గండి రెండు మొహాల్లోనూ పైన, నడుమ, అడుగున అడుగు సైజు దిమ్మలు కోసి, గుడ్డ చుట్టి మైనం పూసి, ఏ వైపు పైదో గుర్తుపెట్టి నీడలో పెట్టించండి. మిగిలిన పెళ్లలు తేమ పోకుండా కవర్లో కట్టి ఇంటికి తెచ్చి ఈ రాత్రికే గ్లాసుల్లో వేయండి. ఆరు గంటల ఫోటోలు ఇక్కడ పెడితే చూసి చెప్తాను, పైపు అడుగున తీసిన పెళ్ల ఏదో గ్లాసు మీద రాయడం మరవొద్దు.